మాంసం తగ్గాలంటే ముందు మారాల్సింది మెనూ

మాంసం తగ్గించి కూరగాయలు, పప్పుధాన్యాలు ఎక్కువ తినాలని చాలామందికి ఇప్పటికే తెలుసు. ఎందుకు తినాలో కూడా తెలుసు. అయినా క్యాంటీన్ కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి చేయి అలవాటైన వంటకం వైపే పోతుంది. సంస్థలు దీన్ని అవగాహన లోపం అనుకుని ఇంకో పోస్టర్ అంటిస్తాయి, ఇంకో సదస్సు పెడతాయి. కానీ మధ్యాహ్నం భోజనం కూర్చుని ఆలోచించి ఎంచుకునేది కాదు. ఆకలి మీద ఉన్నప్పుడు, వెనక జనం నిలబడి ఉండగా, కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ముందు కంటపడింది ఏది, ఎన్ని రకాలున్నాయి, పేరు వింటే తినాలనిపించిందా, ఏమీ అడగకపోతే పళ్ళెంలోకి ఏది వస్తుంది అన్నవే అప్పుడు ఫలితాన్ని తేలుస్తాయి. ఈ నాలుగూ ఎవరో ఒకరు ముందే ఏర్పాటు చేసి పెట్టినవి. కాబట్టి మార్పు కూడా అక్కడే మొదలవ్వాలి.

ఆరోగ్యకరమైన తిండి వైపు మళ్ళించడానికి చేసిన 96 క్షేత్ర ప్రయోగాలను రోమాఁ కదారియో, పియేర్ షాందాన్ కలిపి విశ్లేషించి 2020లో ప్రచురించారు. లేబుళ్ళు, పోషకాల వివరాలు వంటి సమాచారం ఇచ్చే పద్ధతుల ప్రభావం వాళ్ళ కొలమానంలో 0.12గా తేలింది. మంచి పేరు, మంచి వడ్డన లాంటి, తినాలన్న కోరిక పుట్టించే పద్ధతులది 0.24. వడ్డించే పరిమాణం, చేతికందే సౌకర్యం లాంటి, చేసే పనినే మార్చే పద్ధతులది 0.39. చెప్పడం కన్నా ఊరించడం నయం, ఊరించడం కన్నా అమరిక మార్చడం నయం. చాలా సంస్థలు డబ్బు, శ్రమ పెట్టే క్రమం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

దేన్ని తగ్గించాలి, దేన్ని పెంచాలి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ 2018లో సైన్స్ పత్రికలో ఇచ్చిన ప్రపంచ సగటుల్లో, 100 గ్రాముల ప్రోటీన్‌కు వెలువడే, భూమిని వేడెక్కించే వాయువులను కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చి చూపించారు. మాంసం కోసమే పెంచే పశువుల బీఫ్‌కు అది 50 కిలోలు, టోఫుకు (సోయా పన్నీరుకు) 2 కిలోలు, బఠాణీలకు 0.4 కిలోలు. అదే పట్టికలో చీజ్‌కు 11, కోడిమాంసానికి 5.7 ఉన్నాయి. మెనూ తయారుచేసేవాళ్ళు తరచుగా విస్మరించేది ఈ చివరి రెండు అంకెలనే. మాంసం తీసేసి ఆ చోట చీజ్ కుమ్మరిస్తే వంటకం శాకాహారం అవుతుంది గానీ, దాని ఉద్గారాలు చికెన్‌ను మించిపోవచ్చు. పప్పుధాన్యాలు, కూరగాయలు, గింజలు పళ్ళెంలో మధ్యకు రావడమే అసలు లక్ష్యం. మాంసం లేకపోవడం ఒక్కటే సరిపోదు.

నాలుగు వంటకాల్లో ఎన్ని?

అన్నిటికన్నా బలమైన మార్పు అన్నిటికన్నా సాదాసీదాది. అమ్మకానికి పెట్టిన వంటకాల్లో మాంసం లేనివి ఎన్ని అన్నదే ఆ ప్రశ్న. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కళాశాలల క్యాంటీన్లలో ఎమ్మా గార్నెట్ బృందం 94,000కు పైగా భోజనాల అమ్మకాలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించింది. నాలుగు వంటకాల్లో ఒకటి శాకాహారం అయిన చోట రెండు పెడితే శాకాహార భోజనాల అమ్మకం మునుపటికన్నా 41 నుంచి 79 శాతం వరకు పెరిగింది. ప్రతి 100 భోజనాలకూ దాదాపు 15 భోజనాలు ఇటు మళ్ళాయన్నమాట. అంతకుముందు శాకాహారం చాలా తక్కువగా తీసుకునేవాళ్ళలోనే మార్పు ఎక్కువగా కనిపించింది. ఒక్క పోస్టర్ కూడా అవసరం పడలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. నాలుగింట ఒక్కటే శాకాహారం అయితే, ఆ ఒక్కటి వంకాయతో చేసిన రోజున వంకాయ గిట్టనివాళ్ళంతా మాంసం వైపు పోవాల్సిందే. రెండుంటే వాళ్ళకు ఇంకో దారి ఉంటుంది. పైగా మూడు మాంసం వంటకాల మధ్య ఒంటరిగా కనిపించేది ఎవరో కొందరి కోసం చేసినట్టు ఉంటుంది. సగం సగం ఉన్నప్పుడు అలా అనిపించదు.

అమలులో జరిగే మొదటి పొరపాటు, ఉన్న నాలుగింటినీ అలాగే ఉంచి ఐదోదిగా శాకాహారాన్ని చేర్చడం. దాంతో వంటగదికి పని పెరుగుతుంది, ప్రతి వంటకమూ కొంచెం కొంచెం మిగులుతుంది. నెల తిరిగేసరికి వృథా లెక్క చూపించి మొదట తీసేసేది ఆ ఐదోదాన్నే. కొత్తది వస్తే పాతది ఒకటి పోవాలి. అయితే అందరూ ఇష్టపడే మాంసం వంటకాన్ని తీయకూడదు. అమ్మకాల్లో రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉన్నదాన్ని తీస్తే ఎక్కువమంది గమనించను కూడా గమనించరు.

వంటకాలేవీ మార్చకుండా, వాటిని వారంలో పేర్చే తీరు మార్చి కూడా చాలా సాధించవచ్చు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక హాస్టల్ మెనూలోని 15 వంటకాలను రోజుల మధ్య అటూ ఇటూ మార్చి, భోజనాల కర్బన భారాన్ని, అంటే వాటి వల్ల వెలువడే వాయువుల లెక్కను, దాదాపు 31 శాతం తగ్గించారు. ఈ ఫలితం 2025లో వచ్చింది. కిటుకు ఇది. జనం బాగా ఇష్టపడే రెండు మాంసం వంటకాలను వేర్వేరు రోజుల్లో పెడితే ఆ రెండు రోజులూ అవే గెలుస్తాయి. రెండింటినీ ఒకే రోజు పెడితే అవి ఒకదాని అమ్మకాన్ని ఒకటి తినేస్తాయి. రెండో రోజున గట్టి పోటీ లేకుండా పోయి పప్పుధాన్యాల వంటకం ముందుకొస్తుంది. దీనికి కావలసింది గత రెండు మూడు నెలల అమ్మకాల పట్టిక, ఒక గంట సమయం. కొత్త సరుకు కొనక్కర్లేదు, వంటవాళ్ళకు కొత్త శిక్షణ అక్కర్లేదు. మొదటి అడుగు ఎక్కడ వేయాలో తెలియని సంస్థ ఇక్కడే మొదలుపెట్టడం మేలు.

వారానికో రోజు మాంసం పూర్తిగా తీసేయడం దీనికి వ్యతిరేక దిశలో ఉన్న పద్ధతి. హెల్సింకీ పాఠశాలల్లో వారానికో శాకాహార దినం మొదలుపెట్టిన తొలిరోజుల్లో భోజనానికి వచ్చే పిల్లలు తగ్గారు, పళ్ళెంలో పెట్టుకునేదీ తగ్గింది, పారేసేది పెరిగింది. కొంతకాలానికి ఆ ప్రతికూలత సద్దుమణిగింది. ఆ తొలి వారాల వ్యతిరేకతను తట్టుకునే ఓపిక నిర్వాహకులకు లేకపోతే మొత్తం ప్రయత్నమే ఆగిపోతుంది. ఎంపికను ఉంచి నిష్పత్తిని మార్చడం నెమ్మదిగా కనిపించినా ఎక్కువకాలం నిలుస్తుంది.

అడగకపోతే వచ్చేది ఏది?

సమావేశాలు, శిక్షణ తరగతులు, విమానాలు, ఆసుపత్రులు వంటి చోట్ల భోజనం ముందే నమోదవుతుంది. అక్కడ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది. డెన్మార్క్‌లో పెల్లె హాన్సెన్ బృందం మూడు సమావేశాల నమోదు పత్రాల్లో దీన్ని పరీక్షించి 2019లో ఫలితాలు ఇచ్చింది. మామూలుగా మాంసాహారమే వచ్చి, శాకాహారం కావాలంటే అడగాల్సిన పత్రం అందుకున్నవాళ్ళలో శాకాహారం కోరినవాళ్ళు 2 నుంచి 12.5 శాతం. మామూలుగా శాకాహారం వచ్చి, మాంసం కావాలంటే అడగాల్సిన పత్రం అందుకున్నవాళ్ళలో 86 నుంచి 89 శాతం మంది శాకాహారంతోనే ఉండిపోయారు. రెండు పత్రాల్లోనూ స్వేచ్ఛ ఒకటే, గడి టిక్కు పెట్టే శ్రమా ఒకటే.

ఇక్కడ పత్రంలోని మాటలు ముఖ్యం. ‘ప్రత్యేక ఆహార అవసరాలుంటే తెలపండి’ అన్న శీర్షిక కింద అలర్జీలు, మధుమేహం పక్కన శాకాహారాన్ని కూడా పెడితే అది ఒక ఆరోగ్య సమస్యలా కనిపిస్తుంది. ‘మధ్యాహ్నం శాకాహార భోజనం వడ్డిస్తాం. మాంసం లేదా చేప కావాలంటే ఇక్కడ గుర్తు పెట్టండి. అలర్జీల వివరాలు కింద రాయండి’ అంటే అన్నీ వాటి వాటి చోట్లలో ఉంటాయి. మాంసం కోరే గడి స్పష్టంగా, అదే పేజీలో, అదే అక్షర పరిమాణంలో ఉండాలి. దాన్ని మూడో పేజీలో దాచడం, ఫోన్ చేసి అడగమనడం మోసమే అవుతుంది. తినేవాళ్ళకు అది తెలిసిన రోజున నమ్మకం పోతుంది.

న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆసుపత్రుల వ్యవస్థ 2022లో తన 11 ఆసుపత్రుల్లో ఈ పద్ధతిని రోజువారీ భోజనంలోకి తెచ్చింది. ఆహార నియమాలు అనుమతించే రోగులకు ముందుగా ఆ పూట మొక్కల ఆధారిత వంటకం చెబుతారు. వద్దంటే రెండో మొక్కల ఆధారిత వంటకం చెబుతారు. అదీ వద్దంటే మాంసం వంటకం ఉంటుంది. అర్హులైన రోగుల్లో సగానికి పైగా మొక్కల ఆధారిత భోజనమే తీసుకుంటున్నారు. డెన్మార్క్ సమావేశాల అంకెలతో పోలిస్తే ఇది తక్కువే. అలా ఉండటమే సహజం. ఒక్క పూట భోజనంలో పట్టింపు లేకుండా ఒప్పుకున్న మనిషి, రోజూ తినాల్సి వచ్చినప్పుడు తన ఇష్టాన్ని చెబుతాడు. రోజువారీ క్యాంటీన్‌లో 85 శాతం ఆశించి సరుకు కొనేవాళ్ళు చేతులు కాల్చుకుంటారు.

ఈ పద్ధతి విఫలమయ్యేది సాధారణంగా వంటగది వల్లే. 100 మందిలో 10 మంది కోసం చేసినప్పుడు ఏదో ఒక కూరగాయల సలాడ్‌తో సరిపెట్టేవాళ్ళు, అదే సలాడ్‌ను 85 మందికి పెడితే మూడు గంటలకే అందరికీ ఆకలేస్తుంది. తర్వాతి సమావేశానికి వాళ్ళందరూ మాంసం గడిలో టిక్కు పెడతారు.

వరుసలో చోటు

కౌంటర్‌లో మొదట కనిపించే వంటకం ఎక్కువ అమ్ముడవుతుందన్న మాట సగమే నిజం. గార్నెట్ బృందం 2020లో ప్రకటించిన మరో అధ్యయనంలో శాకాహారాన్ని వరుసలో ముందుకు జరిపినంత మాత్రాన చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక కళాశాలలో మాత్రం రెండు వంటకాల మధ్య ఒకటిన్నర మీటరుకు పైగా దూరం ఉన్నప్పుడు, ముందు పెట్టిన శాకాహారం అమ్మకం 100 భోజనాలకు 5 నుంచి 6 దాకా పెరిగింది. ఒక మీటరు లోపు దూరంలో ఆ ప్రభావం లేదు. దగ్గరగా ఉంటే కన్ను రెండింటినీ ఒకేసారి చూస్తుంది, ఏది ముందు అన్నదానికి అర్థం ఉండదు. దూరంగా ఉంటే మొదటి వంటకం దగ్గర నిర్ణయం అయిపోతుంది. కాబట్టి ట్రేలు మార్చేముందు టేపు పట్టి కొలవాలి. కౌంటర్ రెండు మీటర్లే అయితే వరుస మార్చడం మీద ఆశ పెట్టుకోకుండా నిష్పత్తి మీద పనిచేయడం మంచిది.

గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ రెస్టారెంట్‌లో వెరీనా కుర్ట్జ్ చేసిన ప్రయోగంలో శాకాహార వంటకాన్ని మెనూలో పైకి తెచ్చి, ఆర్డరు ఇచ్చే చోట కంటికి కనిపించేలా పెట్టారు. దాని వాటా 100 భోజనాలకు దాదాపు 6 పెరిగింది. ప్రయోగం ముగించి అంతా పాత పద్ధతికి తెచ్చాక కూడా 4 నిలిచాయి. ఒకసారి రుచి చూసినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారని దీన్నిబట్టి అనుకోవచ్చు. అలవాటు మారిందనడానికి ఇలాంటి మిగులే అసలైన ఆధారం. ప్రయోగం నడుస్తున్నప్పటి అంకెల కన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

పేరు, పెట్టె, గుర్తు

మెనూ కార్డులో శాకాహార వంటకాలన్నిటినీ ఒక పెట్టెలో కట్టి, ఆకుపచ్చ గీత గీసి, ‘శాకాహారం’ అని పైన రాయడం మర్యాదగా అనిపిస్తుంది. శాకాహారులకు వెతుక్కునే పని తప్పుతుంది. కానీ మాంసం తినేవాళ్ళు ఆ పెట్టెను చదవనే చదవరు. అది తమకు కాదనుకుని పక్కకు పోతారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆన్‌లైన్‌లో చేసిన ఒక పరీక్షలో, శాకాహార వంటకాలను విడి పెట్టెలో పెట్టినప్పుడు వాటిని ఎంచుకునే అవకాశం 56 శాతం తగ్గింది. పెట్టె తీసేసి అన్నిటినీ కలిపి, ప్రతి విభాగంలోనూ మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి వచ్చేలా రాయాలి. శాకాహారుల అవసరం తీర్చడానికి పేరు చివర, అదే రంగు సిరాతో, ఒక చిన్న గుర్తు చాలు. అలర్జీల సమాచారం మాత్రం ఎప్పుడూ తగ్గించకూడదు. మాంసానికి బదులు వచ్చే వంటకాల్లో సోయా, గోధుమ గ్లూటెన్, గింజలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి వాటి వివరాలు మామూలుకన్నా ఇంకా స్పష్టంగా ఉండాలి.

‘వీగన్’ (జంతువుల నుంచి వచ్చేదేదీ లేని ఆహారం) అన్న మాటదీ అదే కథ. అమెరికాలో 7,000 మందికి పైగా పాల్గొన్న ఒక ప్రయోగంలో, మాంసం, పాల పదార్థాలు లేని ఆహార కానుక బుట్టను, అవి ఉన్న బుట్టను చూపించి ఒకటి ఎంచుకోమన్నారు. మొదటి బుట్టకు ‘వీగన్’ అని పేరు పెడితే 20 శాతం మంది, ‘మొక్కల ఆధారిత’ అంటే 27 శాతం మంది, ‘ఆరోగ్యకరమైన’ అంటే 42 శాతం మంది దాన్ని తీసుకున్నారు. బుట్టలో ఉన్నవి మాత్రం మూడుసార్లూ అవే.

ఇది చూసి ‘ఆరోగ్యకరం’ అనే ముద్ర అన్నిచోట్లా కొట్టేయాలనుకోకూడదు. కానుకగా వచ్చే బుట్ట వేరు, ఆకలి మీద ఎంచుకునే వేడి భోజనం వేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ క్యాంటీన్‌లో బ్రాడ్లీ టర్న్‌వాల్డ్, ఆలియా క్రమ్ బృందం 2017లో చూపించింది ఇదే. ఒకే కూరగాయను ఒకే రకంగా వండి, రోజుకో రకం పేరు పెట్టారు. నోరూరించే పేరు పెట్టిన రోజున, మామూలు పేరు పెట్టిన రోజుకన్నా 25 శాతం ఎక్కువమంది తీసుకున్నారు. కొవ్వు తక్కువ, ఉప్పు తక్కువ అన్నట్టు లేనివాటిని చెప్పే పేరుతో పోలిస్తే 41 శాతం ఎక్కువమంది. తర్వాత ఐదు విశ్వవిద్యాలయాల్లో చేసిన పెద్ద అధ్యయనంలో (2019) రుచిని చెప్పే పేర్లు ఆరోగ్యాన్ని చెప్పే పేర్లకన్నా 29 శాతం ఎక్కువ పనిచేశాయి. అయితే ఆ పేర్లు ఫలించింది వంట నిజంగా బాగున్న క్యాంటీన్లలోనే. రుచిలేని కూరకు ఎంత గొప్ప పేరు పెట్టినా జనం రెండోసారి రారు.

బ్రిటన్‌లో సెయిన్స్‌బరీస్ అనే సూపర్ మార్కెట్ గొలుసు తన కేఫ్‌లలో ‘మాంసం లేని సాసేజ్, మాష్’ అన్న పేరును కంబర్లాండ్ మసాలా దట్టించిన వెజ్జీ సాసేజ్‌గా మారిస్తే అమ్మకం 76 శాతం పెరిగింది. అమెరికాలో పనేరా అనే రెస్టారెంట్ గొలుసు, కొవ్వు తక్కువ శాకాహార బ్లాక్ బీన్ సూప్‌ను క్యూబన్ బ్లాక్ బీన్ సూప్‌గా మారిస్తే 13 శాతం పెరిగింది. రెండిట్లోనూ పోయింది ‘లేదు’, ‘తక్కువ’ అన్న మాటలు, వచ్చింది ఒక ఊరు లేదా నాడు, ఒక రుచి.

పేరు రాయడానికి పనికొచ్చే వరుస ఒకటుంది. వండిన పద్ధతి, ముందు తెలిసే రుచి, నోటికి తగిలే తీరు, ఊరు లేదా సంప్రదాయం. ఈ నాలుగింట రెండు చాలు. ‘శాకాహార పాస్తా’ అన్నది ఏమీ చెప్పదు. ‘నిప్పు మీద కాల్చిన టమాటా, వెల్లుల్లి పాస్తా’ వండిన పద్ధతినీ రుచినీ చెబుతుంది. మూడు విశేషణాలు దాటితే ప్రకటనలా వినిపిస్తుంది. పేరు నిజం కూడా అయి ఉండాలి. కాల్చినవి అని రాసి ఉడికించినవి పెడితే మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

వంటకం కర్బన భారం ఎంతో చెప్పే లేబుళ్ళ గురించి ఒక్క మాట చాలు. వాటి ప్రభావం సాధారణంగా చిన్నది. పెట్టదలిస్తే మంచివాటికి ఆకుపచ్చ గుర్తు పెట్టడం కన్నా భారమైనవాటికి ఎరుపు గుర్తు పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది. అమెరికాలో ఫాస్ట్‌ఫుడ్ మెనూ మీద చేసి 2022లో ప్రచురించిన ఒక ఆన్‌లైన్ ప్రయోగంలో ఎరుపు గుర్తు వల్ల భారం తక్కువ వంటకం తీసుకునేవాళ్ళు 23.5 శాతం పెరిగితే, ఆకుపచ్చ గుర్తు వల్ల పెరిగింది 9.9 శాతం. కానీ తను అమ్మే సరుకుకు తనే ఎరుపు గుర్తు పెట్టుకునే వ్యాపారి అరుదు.

వాక్యంతో ఏదైనా చెప్పాలనుకుంటే, మార్పు నడుస్తోందని చెప్పే వాక్యం మేలు. గ్రెగ్ స్పార్క్‌మన్, గ్రెగరీ వాల్టన్ 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఒక కేఫ్ వరుసలో జరిగింది. ‘30 శాతం మంది మాంసం తగ్గించుకునే ప్రయత్నం చేస్తున్నారు’ అని చదివినవాళ్ళలో మాంసం లేని భోజనం కొన్నవాళ్ళు 17 శాతం. ‘ఇటీవలి ఏళ్ళలో 30 శాతం మంది ఈ ప్రయత్నం మొదలుపెట్టారు’ అని చదివినవాళ్ళలో 34 శాతం. 30 శాతం అన్నది నిలకడ అంకెగా చెబితే మిగతా 70 శాతమే గుర్తుకొస్తారు. మొదలుపెట్టారంటే ముందుకు సాగుతున్న దారి కనబడుతుంది.

వంటగదిలో తేలేది

పైవన్నీ మొదటిసారి తినిపించడానికి పనికొస్తాయి. రెండోసారి తినిపించేది వంట. మాంసం వంటలో ఆరితేరిన వంటగదులు కూరగాయల వంటకాన్ని పక్కన పెట్టే కూరలా చేసి, పెద్ద పళ్ళెంలో వడ్డిస్తాయి. అది ప్రధాన వంటకం అనిపించుకోదు.

మొదటి లోపం ప్రోటీన్. ఒక పూట ప్రధాన వంటకంలో 20 గ్రాముల దాకా ఉంటే సాయంత్రం దాకా ఆకలి ఆగుతుంది. ఉడికిన శనగలు, బీన్స్, మసూర్ వంటివాటిలో 100 గ్రాములకు దాదాపు 9 గ్రాములు ఉంటుంది కాబట్టి పళ్ళెంలో అవి 200 గ్రాములకు పైగా పడాలి. గట్టి టోఫులో రకాన్ని బట్టి 100 గ్రాములకు 10 నుంచి 17 గ్రాములు. పుట్టగొడుగులో 3 గ్రాముల చుట్టుపక్కలే. పెద్ద పుట్టగొడుగును బర్గర్ మధ్యలో పెట్టి మాంసానికి బదులు అనడం రుచికి సరే గానీ ఆకలికి చాలదు. దాంతోపాటు బీన్స్ ముద్దో గింజల ముద్దో ఉండాలి.

రెండోది నీరు. పుట్టగొడుగు, గుమ్మడి, వంకాయ, క్యాప్సికం వంటివాటిలో 90 శాతానికి పైగా నీరే. పెద్ద ట్రేలో మూడు వేళ్ళ మందాన పోసి ఓవెన్‌లో పెడితే కింద నీరు చేరి, ఉడికి, బూడిదరంగులో మెత్తబడతాయి. ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ ఉండేలా ఒకే పొరగా పరిచి, 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అర కిలో ముక్కలకు ఒక పెద్ద చెంచా నూనె పట్టించి, అంచులు గోధుమరంగుకు తిరిగేదాకా కాల్చాలి. మాంసం తినేవాళ్ళకు కూరగాయల్లో కరువైనట్టు అనిపించే గాఢత చాలావరకు ఈ గోధుమరంగులోనే ఉంది. ఒకే పొర అంటే ట్రేలు రెండింతలు కావాలి, ఓవెన్ సమయమూ కావాలి. మెనూ రాసేటప్పుడే ఆ లెక్క చూసుకోకపోతే హడావుడిలో వంటవాళ్ళు మళ్ళీ ట్రే నింపేస్తారు. మిగిలిన గాఢత టమాటా పేస్టు, సోయా సాస్, ఎండు పుట్టగొడుగుల నీళ్ళు, తగినంత ఉప్పు, నూనె నుంచి రావాలి. ఆరోగ్యం పేరుతో ఉప్పు, నూనె రెండూ కోసేస్తే వంటకం చప్పబడి, ఆ చెడ్డపేరు కూరగాయల మీద పడుతుంది.

మూడోది వేచి ఉండటం. వేడి కౌంటర్‌లో 60 డిగ్రీల పైన ఉంచిన మాంసం కూర గంట తర్వాత కూడా బాగుంటుంది. ఆకుపచ్చ కూరగాయలు ఉండలేవు. వేడిలో, పులుపు తగిలితే ఇంకా త్వరగా, క్లోరోఫిల్‌లోని మెగ్నీషియం పోయి ఆకుపచ్చ కాస్తా మురికి గోధుమరంగుకు మారుతుంది. అందుకే చిన్న వాయిలుగా వండి ఇరవై నిమిషాలకోసారి ట్రే మార్చాలి. నిమ్మరసం, వెనిగర్ వడ్డించేముందే కలపాలి. అది కుదరని చోట ఎక్కువసేపు ఉండే బీన్స్ కూరలు, టమాటా పులుసులు మెనూలో పెట్టుకోవాలి. బీన్స్ మెత్తగా ఉడికాకే టమాటా వేయాలి. పులుపు ముందే పడితే తొక్క గట్టిబడి ఎంతసేపు ఉడికించినా బిరుసుగానే ఉంటుంది.

మాంసాన్ని పూర్తిగా మానని వంటకాల్లో కూడా చేయగలిగింది చాలా ఉంది. కైమాలో 25 నుంచి 30 శాతం బదులు సన్నగా తరిగిన పుట్టగొడుగు కలపడం అమెరికాలో చాలా క్యాంటీన్లు, బర్గర్ దుకాణాలు పాటించిన పద్ధతి. పచ్చి పుట్టగొడుగు కలిపితే నీరూరి పట్టీ విరిగిపోతుంది. ముందు పొడిబారేదాకా వేయించి, చల్లార్చి, తర్వాతే కలపాలి. పది కిలోల మిశ్రమానికి ఏడు కిలోల కైమా, మూడు కిలోల వేయించిన పుట్టగొడుగు కావాలంటే పచ్చిది దాదాపు రెట్టింపు కొనాలి. పళ్ళెంలో మాంసం ముక్క కాస్త తగ్గించి కూరగాయలు పెంచినా జనం ఫిర్యాదు చేయరు. నెదర్లాండ్స్ రెస్టారెంట్లలో మాంసం, చేప 12.5 శాతం తగ్గించి, కూరగాయలు రెట్టింపు చేసినప్పుడు తినేవాళ్ళ తృప్తి తగ్గలేదు.

ఏం లెక్కపెట్టాలి

అమ్మకం పెరిగిందన్న సంతోషంలో అసలు ప్రశ్న మరుగున పడే ప్రమాదం సూపర్ మార్కెట్లలో బాగా కనిపిస్తుంది. అమెరికాలో క్రోగర్ 60 దుకాణాల్లో మొక్కల ఆధారిత మాంసాన్ని మాంసం విభాగంలోకి మార్చి చూస్తే దాని అమ్మకం సగటున 23 శాతం పెరిగింది. బ్రిటన్‌లో ఒక పెద్ద సూపర్ మార్కెట్ గొలుసుకు చెందిన 20 దుకాణాల్లో అలాగే మార్చి, మార్చని 88 దుకాణాలతో పోల్చి 2021లో ఫలితాలు ఇచ్చారు. మాంసం లేని సరుకుల అమ్మకం పెరిగింది, మాంసం అమ్మకం మాత్రం తగ్గినట్టు ఆధారం దొరకలేదు. జనం ఒకదాని బదులు ఇంకోటి కొన్నారని చెప్పలేం, రెండూ కొని ఉండవచ్చు.

అందుకే లెక్కపెట్టాల్సింది శాకాహార భోజనాల సంఖ్య ఒక్కటే కాదు. ప్రతి 100 భోజనాలకు వంటగది కొన్న మాంసం, చీజ్ ఎన్ని కిలోలు అన్నది కొనుగోలు బిల్లుల నుంచి వారం వారం రాసుకోవాలి. మార్పుకు ముందు కనీసం నాలుగు వారాల లెక్క ఉండాలి. మెనూ చక్రం మూడు వారాలదైతే ఆరు వారాలు తీసుకోవాలి, లేకపోతే ఇష్టమైన వంటకం ఏ వారంలో పడిందన్నదే ఫలితంగా కనిపిస్తుంది. ఒకేసారి పేరూ, వరుసా, నిష్పత్తీ మూడూ మార్చితే ఏది పనిచేసిందో చెప్పలేం. సెలవులు, పరీక్షలు, పండగల వారాలను విడిగా గుర్తు పెట్టుకోవాలి.

ప్రతి వంటకం ఎన్ని గంటలకు అయిపోయిందో కూడా రాయాలి. శాకాహార ట్రే పన్నెండున్నరకే ఖాళీ అయితే, తర్వాత వచ్చినవాళ్ళు తీసుకున్న మాంసం వాళ్ళ ఇష్టాన్ని చూపించదు, వంటగది అంచనా తప్పిందని చూపిస్తుంది. రోజువారీ అమ్మకాల పట్టికలో ఆ సంగతి ‘శాకాహారానికి 40 ప్లేట్లే గిరాకీ’ అని నమోదై, మర్నాడు కూడా 40 ప్లేట్లే వండుతారు. అయిపోయిన సమయం పక్కన రాసి ఉంటే మర్నాడు 60 వండుతారు.

పళ్ళెంలో మిగిలినదాన్ని కూడా వారానికి రెండు రోజులు వంటకాల వారీగా తూకం వేయాలి. అమ్మకం బాగుండి మిగులూ ఎక్కువగా ఉన్న వంటకం పేరు వల్ల అమ్ముడై, రుచి వల్ల మిగిలిపోయిందని అర్థం. దాని పేరు అలాగే ఉంచి, వంట మార్చి, ఇంకో రెండు వారాలు తూకం వేసి చూడాలి.